ఎడమవైపు కుర్చీ

దూదేకుల దస్తగిరి అమెరికా వచ్చి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఇమాము చోట నిలబడలేదు.

అది దానంతటది జరిగింది కాదు. అతను కనిపెట్టుకుని జరుపుకుంటూ వచ్చాడు. మసీదుకు వెళ్తే నమాజు మొదలైన తర్వాతే లోపలికి అడుగు పెడతాడు. ముందు వరసలో ఇమాముకు సరిగ్గా వెనక చోటు ఖాళీగా కనిపిస్తే చెప్పుల దగ్గరే ఆగిపోతాడు. నమాజు మధ్యలో ఇమాముకు ఏదైనా అయితే, వెనకున్నవాణ్ణి చెయ్యి పట్టి తన చోటికి లాగుతాడు. అట్లా లాగవచ్చన్నది నియమం. దస్తగిరి కళ్ళముందు అది ఎన్నడూ జరగలేదు. అయినా ఆ చోటు చూస్తే అతని అరిచేతులు చెమర్చేవి. ఎవరింట్లోనన్నా నలుగురు కూడినప్పుడు నమాజు వేళైతే, కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకొస్తానని బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడేవాడు. బయట ఇంకొకరు ముందు నిలబడి గొంతెత్తింది విన్నాకే తలుపు తీసేవాడు.

చూడ్డానికి పిరికివాడిలా ఉండడు. ఆరడుగుల ఎత్తు, వెడల్పు భుజాలు. పిస్కాటవేలో ఒక మందుల కంపెనీలో వాలిడేషన్ పని. యంత్రం చూపించిన అంకె నిజమేనని సంతకం పెట్టడం అతని ఉద్యోగం. మూడుసార్లు చూసి పెడతాడు. అతను సంతకం పెట్టాక ఆ అంకెను ఎవరూ మళ్ళీ చూడలేదు.

ఆఫీసు రెండో అంతస్తులో క్వైట్ రూమ్ అని ఒక చిన్న గది ఉంది. తలనొప్పి వచ్చినవాళ్ళు నడుం వాల్చడానికి ఒక వాలుకుర్చీ, ఒక సింకు, గోడ మీద ఊపిరి నెమ్మదిగా తీసుకోమని చెప్పే పోస్టరు. అక్కడినుంచి కాబా ఈశాన్యం దిక్కు. ఆ మూల చిన్న ఫ్రిజ్ ఉంది. దాన్ని కాస్త జరిపి జానిమాజులు, అంటే నమాజు చాపలు, ఏటవాలుగా పరుచుకుంటే ఇద్దరికి బాగా సరిపోతుంది. ముగ్గురైతే భుజాలు ఒరుసుకుంటాయి.

అతని టీమ్ లీడ్ అనురాధ, ఒంగోలు మనిషి, మొదటిసారి అది చూసి గుమ్మంలోనే నవ్వింది.

"మీకూ ఈశాన్యమేనా దస్తగిరి గారూ? మా మామగారు వింటే కూర్చోబెట్టి వాస్తు చెప్పేస్తారు."

ఆ గదిలో రెండో మనిషి మొయినుద్దీన్. నిజామాబాద్ ఆయన. అరవై దాటాయి. ఏడేళ్ళుగా ఇద్దరూ మధ్యాహ్నం నమాజు, పొద్దు వాలాక చదివే అసర్ అక్కడే చదువుతున్నారు. చదివించేది ఆయనే. ఇద్దరే ఉన్నప్పుడు ఇమాము ముందుకు పోడు. ఎడమవైపు నిలబడతాడు. రెండోవాడు ఆయనకు కుడిపక్కన, మడమ మేర వెనగ్గా నిలబడతాడు. మూడో మనిషి వస్తే అప్పుడు ఇమాము ముందుకు అడుగు వేస్తాడు. ఏడేళ్ళలో మూడో మనిషి రాలేదు. ఎడమ మొయినుద్దీన్, కుడి దస్తగిరి. కార్పెట్ మీద మచ్చలు కూడా అట్లాగే పడ్డాయి.

ఆ కుడిపక్క చోటంత నెమ్మది దస్తగిరికి ఇంకెక్కడా లేదు. ఎడమనుంచి పెద్దాయన ఊపిరి వినబడుతూ ఉంటుంది. అది వింటూ వంగడం, అది వింటూ లేవడం.

పగటి నమాజుల్లో ఇమాము గొంతు బయటికి రాదు. లోపలే చదువుకుంటాడు. పొద్దు గూకాక చదివే మగ్రిబ్ అట్లా కాదు. నిలబడి చదివి, వంగి, నుదురు నేలకు ఆనించి లేస్తే ఒక రకాతు. మగ్రిబ్‌కు ఉన్న మూడింటిలో మొదటి రెండు రకాతులు పైకి, అందరికీ వినబడేట్టు చదవాలి. వేసవిలో మగ్రిబ్ వేళకు ఎవరి ఇళ్ళల్లో వాళ్ళుంటారు. నవంబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పుడు మగ్రిబ్ వచ్చి ఆఫీసులో పడుతుంది. సూర్యుడు పోయాక దానికి ఉండే వ్యవధి కొంచెమే. ఇంటికి పోయి చదువుకుందామంటే హైవే మీదే దాటిపోతుంది. గడిచిన ఏడు చలికాలాలూ మొయినుద్దీన్ గొంతే ఆ గదిలో వినబడింది.

దస్తగిరి భయం ఒకనాటి సాయంత్రం మొదలైంది. అప్పుడతనికి తొమ్మిదేళ్ళు. నంద్యాల దగ్గర ఊరు. నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట తెలుగు. ఉర్దూ వచ్చేది కాదు. నమాజు మాత్రం ఒక్క పూట తప్పేవాడు కాదు. ఒకరోజు మగ్రిబ్‌కు ఇమాము రాలేదు. ఉన్నవాళ్ళలో పెద్దవాడు నాన్న. ఎవరో భుజం మీద చెయ్యేసి ముందుకు తోశారు. నాన్న వెళ్ళి ఇమాము చోట నిలబడ్డాడు. మూడు రకాతులు చదివించాడు. కుడికీ ఎడమకూ తల తిప్పి సలాము చెప్పి ముగించాడు.

వెనక వరస మొత్తం లేచి నిలబడింది.

మగ్రిబ్ మూడు రకాతులయ్యాక ఎవరికి వారు, సున్నతు అని, అదనంగా ఇంకో రెండు రకాతులు చదువుకోవడం మామూలే. పిల్లవాడు అదే అనుకున్నాడు. రెండో రకాతు అయింది. వాళ్ళు సలాము చెప్పలేదు. మూడోదానికి లేచారు. నాన్న వెనక చదివిన నమాజునే మళ్ళీ చదువుకుంటున్నారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. నాన్న వాళ్ళకు వీపు పెట్టి, గోడ చూస్తూ కూర్చున్నాడు. తొడ మీద ఆయన వేళ్ళు ఒకటి, రెండు అని కదిలాయి. మూడో వేలు కదిలి ఆగిపోయింది.

ఆయన చదవడంలో తప్పు పట్టారో, పుట్టుకలో తప్పు పట్టారో ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. బతికినన్నాళ్ళూ ఆఖరి వరసలో చెప్పుల పక్కన నిలబడ్డాడు.

ఆఫీసు మెయిల్‌లో దస్తగిరి పేరు పక్కన ఇంటిపేరు కూడా ఉంటుంది. అనురాధకు అది ఒక ఇంటిపేరు, అంతే. అమెరికావాళ్ళకు నోరు తిరగని ఎనిమిది అక్షరాలు. మొయినుద్దీన్‌కు మాత్రం అదేమిటో తెలియకుండా ఉండదు. ఏడేళ్ళలో ఆయన ఆ మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో దస్తగిరికి తెలియదు. వెనక నిలబడేవాడి ఇంటిపేరుతో ఎవరికీ పని లేదు, అదీ ఒక ధైర్యం.

అక్టోబరులో మొయినుద్దీన్ మోకాలు మార్పించుకున్నాడు. ఆరు వారాలు సెలవు. గడియారాలు తిరిగాయి. మగ్రిబ్ నాలుగూ యాభైమూడుకు వచ్చింది. రోజుకింత ముందుకు జరుగుతూ పోయింది. దస్తగిరి ఒక్కడే చదువుకున్నాడు. థాంక్స్‌గివింగ్ ముందురోజు ఫోన్ మోగింది.

"ఏం మియా, ఎట్లున్నవ్? సోమవారం నుంచి వస్తున్న."

"మంచిది భాయ్. నొప్పి తగ్గిందా?"

"కట్టె పట్టుకొని నడుస్తున్న. నిలబడుడు అయితది. వంగుడు కాదు. రుకూ, సజ్దా అన్నీ కుర్చీల కూసోని సైగతోనే. జర మంచి కుర్చీ చూసిపెట్టు. చక్రాలది వద్దు, అది నన్ను తీస్కపోయి ఫ్రిజ్‌ల పడేస్తది."

దస్తగిరి నవ్వాడు.

"ఇంకోటి," అన్నాడు మొయినుద్దీన్. "సైగతోని చదివెటోడు మంచిగ వంగెటోనికి ఇమాము కాలేడు. నీకు ఎర్కనే గద. ఇగ నువ్వే చదివియ్యాలె."

నవ్వు ముఖం మీదనే గడ్డకట్టింది.

"ఎవరిది వాళ్ళం చదువుకుందాం లే భాయ్. మీకు కాలు బాగలేదు కదా."

"కాలుకు దీనికి ఏం సంబంధం? ఇద్దరున్నంక ఎవలది వాళ్ళు ఎందుకు? ఏడేండ్లు నువ్విన్నవ్. ఇగ నేనింట."

ఫోన్ పెట్టేశాక ఆ ఆఖరి మాట పోలేదు. థాంక్స్‌గివింగ్ సెలవురోజంతా అదే వినబడింది. నేనింట. విని ఏం చేస్తాడు? విన్నాక లేచి, మాట్లాడకుండా, మళ్ళీ మొదటినుంచి మూడు రకాతులు చదువుకుంటే?

శుక్రవారం ఇంటినుంచే పని. దస్తగిరి అనురాధకు ఫోన్ చేశాడు.

"మన టీమ్ కాల్ పొద్దున్నుంచి సాయంత్రానికి మారుద్దామా? నాలుగున్నరకి. రోజూ."

"రోజూనా? ఎవరన్నా కావాలని నాలుగున్నరకి మీటింగ్ అడుగుతారా అండీ? ఒంట్లో బానే ఉందా?"

"బానే ఉంది. ఊరికే."

"ఊరికే అయితే వద్దు. నేను నాలుగున్నరకి మా దియని డేకేర్ నుంచి పికప్ చేసుకోవాలి. లేటైతే వాళ్ళు నన్ను నిలబెట్టి క్లాస్ పీకుతారు. అయినా అది మీ ప్రేయర్ టైమ్ కదా? క్యాలెండర్‌లో రోజుకో నిమిషం జరుగుతూ వస్తోంది, నేను చూస్తూనే ఉన్నా."

దారి మూసుకుపోయింది.

శని, ఆదివారాలు కారు తీసుకుని 287 హైవే మీద పైకీ కిందికీ తిరిగాడు. అద్దాలు ఎత్తేసి పెద్దగా చదివాడు. ఖురాను మొదటి అధ్యాయం ఒక్క అల్హందు సూరా, దాని తర్వాత చిన్నవి రెండు. పాతికేళ్ళకు పైగా రోజుకు ఐదు పూటలా నాలుక మీదున్న మాటలే. మొయినుద్దీన్ ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడ తీసుకున్నాడు. ఎక్కడ సాగదీస్తాడో అక్కడ సాగదీశాడు. పక్క లేన్‌లో ట్రక్కు హారన్ కొడితే ఎవరో వింటున్నారని నోరు మూసేశాడు.

ఆదివారం ఇంట్లోకి వస్తే భార్య గౌసియా రొట్టె కాలుస్తోంది.

"యాడికి పోయినావు? పాలు తెస్తానని రెండు గంటలైంది."

అతను చెప్పాడు. పాలు తేలేదని కూడా చెప్పాడు.

గౌసియా రొట్టె తిప్పింది.

"రేపు జ్వరమని చెప్పొచ్చు," అన్నాడు.

"ఎన్ని రోజులు వస్తాదబ్బా జ్వరం? ఎండాకాలం దాకానా?" ఆమె స్టవ్ ఆర్పింది. "మీ నాయన మాదిరే నువ్వూ చెప్పులకాడ నిలబడాలంటే నిలబడు. నాకేం. ఆయన మాత్రం ఒకసారి ముందుకు పోయినాడు. నువ్వు ఆ ఒక్కసారీ పోలేదు."

ఆమె కోపంగా అనలేదు. అందుకే అతను ఆ రొట్టె తినలేకపోయాడు.

సోమవారం మగ్రిబ్ నాలుగూ ముప్పై ఒకటికి. మూడున్నరకే దస్తగిరి కుర్చీ వెతకడం మొదలుపెట్టాడు. ఆ ఆఫీసులో చక్రాలు లేని కుర్చీ దొరకడం కష్టం. చివరికి భోజనాల గదిలో ఇనప కాళ్ళది ఒకటి దొరికింది. కూర్చుంటే కిర్రుమంటుంది, లేస్తే కిర్రుమంటుంది. ఇంకోటి లేదు. దాన్ని మోసుకుపోయి, ఫ్రిజ్ జరిపి, జానిమాజు పరిచి, కుర్చీ వేశాడు. తన జానిమాజు దాని పక్కన పరిచాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ తాగాడు. కిటికీలో పార్కింగ్ లాట్ మీద వెలుతురు ఎర్రబడి, బూడిద రంగుకు తిరిగింది.

కారిడార్‌లో కట్టె చప్పుడు వచ్చింది. టక్, అడుగు. టక్, అడుగు.

మొయినుద్దీన్ చిక్కిపోయాడు. గుమ్మంలో నిలబడి గదిని చూశాడు. కుర్చీని చూశాడు. ఒక క్షణం ఎక్కువసేపే చూశాడు.

"మంచిగుంది," అన్నాడు. వెళ్ళి కుర్చీ ముందు నిలబడ్డాడు. కట్టె గోడకు ఆనించాడు.

"భాయ్, ఇంకోసారి ఆలోచించండి. నా చదువు అంత బాగుండదు."

"ఎవ్వనిది బాగుంటది? టైమ్ అయితుంది."

ఆయన నెమ్మదిగా ఇఖామత్ పలికాడు. ఆ పిలుపు ముగిస్తే ఇమాము మొదలుపెట్టాలి. ముగిసింది. దస్తగిరి చేతులు చెవుల దాకా ఎత్తి అల్లాహు అక్బర్ అన్నాడు. చేతులు కట్టుకున్నాడు. తిరిగి రావడానికి లేదు.

మనసులో చదివే మొదటి మాటలు చదువుతుండగా ఎడమనుంచి పెద్దాయన ఊపిరి వినబడింది. ఏడేళ్ళ అలవాటు. అతని భుజాలు కొంచెం సడలాయి.

మరుక్షణం వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది.

ఎడమనుంచి.

ఇవాళ ఇమాము తను. మొయినుద్దీన్ తనకు కుడిపక్కన ఉండాలి. కుడిపక్కన సింకు ఉంది. పెద్దాయన ఎప్పుడూ నిలబడే చోటులోనే కుర్చీ వేశాడు. తన చేతులతో వేశాడు. తన జానిమాజు తన పాత చోటులోనే పరుచుకున్నాడు. వచ్చి, పాత చోటులోనే, ఆయనకు మడమ మేర వెనగ్గా నిలబడ్డాడు. కళ్ళు దించి చూశాడు. మొయినుద్దీన్ కుర్చీకి ముందు నిలబడ్డాడేమో, ఆయన పాదాలు తన పాదాలకంటే జానెడు ముందున్నాయి. ఇమాము కంటే ముందు నిలబడ్డవాడికి ఆ నమాజు లేనే లేదు. ఇంకా ఒక్క మాట పైకి చదవకముందే ఆయన నమాజు పోతోంది. పోగొడుతున్నది తను.

మొయినుద్దీన్ కదల్లేదు. వెనక చదివేవాడు ఇమామును సవరించుకోనివ్వాలి. ఆయన ఆగి ఉన్నాడు.

చిన్నప్పుడు విన్నది గుర్తొచ్చింది. ఎడమవైపు నిలబడ్డవాణ్ణి ఇమాము చేత్తో పట్టి, వెనకనుంచి తిప్పి, కుడివైపుకు తెచ్చుకోవాలి. ఆ మోకాలిని ఎట్లా తిప్పుతాడు? కట్టె గోడ దగ్గరుంది. చెయ్యి వేస్తే ఆయన పడిపోవచ్చు.

దస్తగిరి ముందుకు ఒక అడుగు వేశాడు. ఛాతీ మూలవైపునుంచి తిప్పకుండా, ఎడమకు ఒక అడుగు. పెద్దాయన మోకాళ్ళకూ ఫ్రిజ్‌కూ మధ్య మూరెడు సందు. ప్యాంటు గుడ్డ ప్యాంటు గుడ్డకు తగిలింది. ఇంకో అడుగు. కుర్చీ దాటాడు. కుర్చీకీ వాలుకుర్చీకీ మధ్య ఒక మనిషి పట్టే చోటుంది. అక్కడ జానిమాజు లేదు. ఒట్టి కార్పెట్. ఆయన పాదాలకంటే కొంచెం ముందుగా తన పాదాలు పెట్టి నిలబడ్డాడు.

ఊపిరి ఇప్పుడు కుడినుంచి వచ్చింది.

అట్లా జరగవచ్చో లేదో అతనికి తెలియదు. అన్ని అడుగులు వేయవచ్చో లేదో తెలియదు. అడగడానికి ఇమాము లేడు.

గొంతెత్తాడు.

మొదటి మాట పొడిగా వచ్చింది. రెండోది వణికింది. కారులో ఐదొందలసార్లు చదివిన మొయినుద్దీన్ వరస రాలేదు. వచ్చింది నాన్న వరస. దూది ఏకేటప్పుడు వింటి తాడు మోగినట్టు, ఒకే శ్రుతిలో, మాట చివర చిన్న విరుపు. ఆ విరుపును దస్తగిరి గుర్తుపట్టాడు. ఇదే చదువు. దీని వెనకే వాళ్ళందరూ లేచి మళ్ళీ చదువుకున్నారు. మార్చుకుందామనుకున్నాడు. గొంతు మారలేదు. అది తనకు తెలిసిన దారినే పోయింది.

సూరా ముగిసింది. కుడినుంచి, మెల్లగా, ఆమీన్ అని వినబడింది.

వంగాడు. కుర్చీ కిర్రుమంది. లేచాడు. నుదురు ఆఫీసు కార్పెట్‌కు ఆనింది. అది గరుగ్గా, కాఫీ వాసన వేస్తూ ఉంది. రెండో రకాతు చదివించాడు. మూడోది, గొంతు అక్కరలేనిది, చదివించాడు. కుడికి సలాము. ఎడమకు సలాము.

అయిపోయింది. ఏదీ తేలలేదు.

ముగించాక ఇమాము వెనకవాళ్ళ వైపు తిరిగి కూర్చోవచ్చు. దస్తగిరి తిరగలేదు. నాన్న కూర్చున్నట్టే మూలవైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. చేతులు తొడల మీద పెట్టుకున్నాడు.

కుర్చీ కిర్రుమంది. మొయినుద్దీన్ లేచి నిలబడ్డాడు.

రెండయితే సున్నతు. మూడయితే తన నమాజు చెల్లలేదు.

పెదవుల గుసగుస. కుర్చీ కిర్రుమంది, కూర్చున్నాడు. మళ్ళీ కిర్రుమంది, లేచాడు. దస్తగిరి చూపుడువేలు తొడ మీద ఒకటి నొక్కింది. మళ్ళీ గుసగుస, ఈసారి పొడుగ్గా. హాల్లో ఎవరో నవ్వుకుంటూ లిఫ్టు వైపు పోయారు. కుర్చీ కిర్రుమంది. కూర్చున్నాడు.

నడిమివేలు నొక్కింది. రెండు.

ఇప్పుడు కూర్చునే ఉంటాడు. ముగించేవాడూ ఇక్కడ కూర్చుంటాడు. మూడోదానికి లేవబోయేవాడూ ఇక్కడ కూర్చుంటాడు. బయటినుంచి తేడా తెలియదు. ఫ్రిజ్ ఉన్నట్టుండి గుర్రుమని మొదలై ఆగిపోయింది.

కుర్చీ కిర్రుమంది.

అతని మూడో వేలు గుడ్డ మీద నుంచి కొంచెం లేచింది. కళ్ళు మూసుకున్నాడు. నాన్న వీపు కనబడింది. పరుపు దూది అంటుకున్న చొక్కా.

"అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లా," అంది పెద్దాయన గొంతు, కుడికి తిరిగి. కుర్చీ మళ్ళీ కిర్రుమంది. అదే మాట ఎడమకు వచ్చింది. దస్తగిరి మీదుగా వచ్చింది.

అతను లేచిన వేలును కిందికి దించలేకపోయాడు. చాలాసేపు అట్లాగే ఉంది.

"కుర్చీ ఎవడు వేసిండు?" అన్నాడు మొయినుద్దీన్.

"నేనే భాయ్. మాఫ్ చెయ్యండి. అలవాటులో..."

"నీ అలవాటు పాడుగాను. ఏనుగు తీరుగ నా ముంగట్నించి పోతుంటే పానం జల్లుమన్నది. కొత్త మోకాలు తొక్కుతవేమోనని నేను నమాజుల దువా చేసుకున్న." కట్టె అందుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మీ నాయిన ఏం చేస్తుండె?"

పదకొండేళ్ళుగా ఎవరూ అడగని మాట.

"దూది ఏకేవాడు. పరుపులు కుట్టేవాడు."

"నమాజు ఆయన్నే నేర్పిండా?"

"ఆయనే."

మొయినుద్దీన్ తల ఊపాడు. "రేపు కుర్చీ కుడిదిక్కు వెయ్యి," అన్నాడు. కట్టె చప్పుడు కారిడార్‌లో దూరమైంది.

రేపు. నాలుగున్నరకు. ఎల్లుండి కూడా. మార్చిలో గడియారాలు మళ్ళీ తిరిగే దాకా.

గదిలో చీకటి పడింది. దస్తగిరి లేచి తన సున్నతు చదువుకున్నాడు. మధ్యలో ఎన్ని అయ్యాయో మరిచిపోయి మొదటినుంచి చదువుకున్నాడు. తర్వాత, మళ్ళీ మరిచిపోతానేమోనని, ఆ సాయంత్రమే కుర్చీని ఎత్తి కుడివైపున పెట్టాడు. నేలకు ఆనగానే అది కిర్రుమంది. గదిలో ఇంకెవరూ లేరని తెలిసీ అతను ఉలిక్కిపడ్డాడు.